గాయం మానింది, మచ్చ ఆగలేదు

హయత్‌నగర్ దాటి విజయవాడ వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఒక కుర్రాడు బండి మీంచి పడ్డాడనుకుందాం. రోడ్డు అంచున పేరుకున్న కంకర, తలకు గడ్డం దాకా రాని సగం హెల్మెట్. మొహం మీద మూడు చోట్ల చర్మం చిట్లింది: పైరెప్ప మీద, చెంప మీద, దవడ అంచున. ఒకే రోజు, ఒకే డాక్టరు, ఒకే రకం దారంతో కుట్లు వేశాడు. ఏడాది తిరిగేసరికి రెప్ప మీద గాయం ఎక్కడ తగిలిందో వెతికితే గానీ కనిపించదు. చెంప మీద సన్నటి తెల్ల గీత మిగిలింది. దవడ మీద మాత్రం చిటికెన వేలంత లావున ఎర్రగా, నున్నగా, గట్టిగా ఉబ్బిన మచ్చ. ఎండలో దురద. గడ్డం గీసుకుంటే మంట. హెల్మెట్ పట్టీ ఒరుసుకుంటే సలుపు.

ఇలాంటి మచ్చను చూసి ఇంట్లోవాళ్లు తలోమాటా అంటారు. ఒంట్లో వేడి అని, పథ్యం చెయ్యలేదని, కుట్లు సరిగా పడలేదని, గోకి గోకి పెంచుకున్నావని. వీటిలో ఏ ఒక్కటీ రెప్పకూ దవడకూ ఇంత తేడా ఎందుకొచ్చిందో చెప్పదు. ఒంట్లో వేడే కారణమైతే రెప్ప మీద కూడా ఉబ్బాలి కదా! అసలు రహస్యం ఆ తేడాలోనే ఉంది. అది తెలిస్తే ఈ మచ్చలకు వైద్యం అంత నెమ్మదిగా ఎందుకు సాగుతుందో, కోసి తీసేస్తే మళ్లీ ఎందుకు వస్తుందో కూడా తెలుస్తుంది.

తవ్విన రోడ్డు, పూడ్చే మనుషులు

చర్మంలో పైపొర చాలా పలచన. రోజూ కొంత రాలిపోతూ కొత్తది పుడుతూనే ఉంటుంది. గాయం అక్కడితో ఆగితే మచ్చ మిగలదు. దాని కింద ఉన్నది మందపాటి పొర. కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు అన్ని వైపులకూ అల్లుకుని దానికి బలాన్ని ఇస్తాయి. గాయం ఈ పొరలోకి దిగితే పెద్దవాళ్ల శరీరం మునుపటి అల్లికను మళ్లీ అల్లలేదు. అతుకు వేస్తుంది. ఆ అతుకే మచ్చ.

నీళ్ల పైపు కోసం కాలనీ రోడ్డు తవ్వి, పూడ్చి, తారు వెయ్యడం చూడనివాళ్లుండరు. గాయం మానడం దాదాపు అదే వరసలో నడుస్తుంది. ముందు కారేదాన్ని ఆపాలి: నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. తర్వాత మట్టీ చెత్తా ఎత్తిపొయ్యాలి: కొద్దిరోజుల పాటు తెల్లరక్తకణాలు చచ్చిన కణాలనూ సూక్ష్మజీవులనూ తొలగిస్తాయి. గాయం చుట్టూ కనిపించే ఎరుపు, వాపు, వేడి ఆ పని గుర్తులే. ఆ తర్వాత పూడ్చేవాళ్లు దిగుతారు. అవి ఫైబ్రోబ్లాస్టులనే కణాలు. ఇవి గుంట నిండా కొల్లాజెన్ పోగులు పోస్తాయి. ఈ దశలో అందం, వరస ఏమీ ఉండవు. ముందు గుంట పూడాలి, అంతే. చివర రోలరు తిరిగినట్టు ఎంజైములు అదనంగా పోసిన కొల్లాజెన్‌ను కరిగిస్తూ, మిగిలిన పోగులను సర్దుతూ వస్తాయి. ఈ ఆఖరి దశ ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

అందుకే మానిన గాయం మొదటి రెండు మూడు నెలలు ఎర్రగా, కాస్త ఎత్తుగా ఉంటే కంగారుపడనక్కర్లేదు. చాలామందిలో అది తనంతట తాను అణిగి, రంగు తగ్గి, గీతగా మారుతుంది. బలం కూడా అలాగే మెల్లగా వస్తుంది. మూడు వారాల నాటి మచ్చకు మామూలు చర్మంలో అయిదో వంతు బలమే ఉంటుంది. ఎన్నేళ్లు గడిచినా 80 శాతం దాటదు.

ఉబ్బెత్తు మచ్చలో జరిగేది ఏమిటంటే, గుంట పూడినా పూడ్చేవాళ్లు ఇంటికి వెళ్లరు. తెచ్చిన మాలు పోస్తూనే ఉంటారు. రోలరు నడిపేవాళ్లు ఆ వేగాన్ని అందుకోలేరు. అతుకు రోడ్డుకన్నా ఎత్తుగా లేస్తుంది. కొందరిలో పక్కనున్న మంచి రోడ్డు మీదికి కూడా పాకుతుంది. ఇది కుళ్లు కాదు, విషం కాదు, ఒంట్లో చేరిన చెడు కాదు. మనల్ని బతికించడానికి మొదలైన మరమ్మతే ఎక్కడ ఆగాలో తెలియక సాగిపోవడం.

పని ఆపమనే కబురు

మరి ఆగమని ఎవరు చెప్పాలి? ఇక్కడే దవడకూ రెప్పకూ తేడా వస్తుంది.

1971లో జూలియో గబ్బియాని బృందం మానుతున్న గాయాల్లోని ఫైబ్రోబ్లాస్టులను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి ఒక విశేషం గమనించింది. వాటిలో కొన్నింటికి కండర కణాల్లా ముడుచుకునే శక్తి ఉంది. వీటికి మయోఫైబ్రోబ్లాస్టులని పేరు పెట్టారు. గాయం అంచులను దగ్గరకు లాగేది ఇవే. అవి లాగుతాయి, లాగుడును పసిగడతాయి కూడా. గాయం మూసుకుని చుట్టూ బిగువు తగ్గితే పని అయిందని గ్రహించి చాలావరకు తమంతట తాము చచ్చిపోతాయి. బిగువు తగ్గకపోతే గాయం ఇంకా తెరిచే ఉన్నట్టు వాటికి తోస్తుంది. మరింత కొల్లాజెన్ పోస్తాయి. పెరగమని చెప్పే టీజీఎఫ్-బీటా అనే రసాయనం ఆ చోట ఎక్కువవుతుంది. అతుకు గట్టిపడుతుంది. గట్టిపడేకొద్దీ బిగువు పెరుగుతుంది. ఇలా కారణం, ఫలితం ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

మన చర్మం ఒంటి మీద వదులుగా పరిచిన గుడ్డ కాదన్న సంగతి అంతకు చాలా ముందే తెలుసు. 1861లో కార్ల్ లాంగర్ అనే ఆస్ట్రియా శరీర నిర్మాణ శాస్త్రవేత్త శవాల చర్మానికి గుండ్రటి మొనతో రంధ్రాలు పొడిచి చూశాడు. రంధ్రం గుండ్రంగా నిలవలేదు. ఒక్కో చోట ఒక్కో దిశలో సాగి కోలగా మారింది. చర్మం ఎటు లాగుతోందో అవి చెప్పాయి. వాటిని కలిపి ఒళ్లంతా గీతలు గీశాడు. శస్త్రచికిత్స చేసేవాళ్లు ఈనాటికీ చర్మపు బిగువు గీతల వెంట కోత పెట్టాలని చూస్తారు. గీతకు అడ్డంగా పడ్డ గాయం నోరు తెరుచుకుంటుంది. గీత వెంట పడింది సర్దుకుంటుంది. రోడ్డు మీది కంకర ఈ గీతలు చూసి కొయ్యదు కదా.

టోక్యోలోని నిప్పన్ మెడికల్ స్కూల్‌లో పనిచేసే రే ఒగావా ఈ బిగువు సంగతిని ఏళ్ల తరబడి శోధించారు. గాయం హద్దు దాటి పాకే కీలాయిడ్ మచ్చలు తరచుగా వచ్చే చోట్లు చూడండి: రొమ్ము మధ్య, భుజం, వీపు పైభాగం, దవడ కింది అంచు. ఊపిరి పీల్చినా, చెయ్యెత్తినా, నమిలినా, మాట్లాడినా సాగే చోట్లు. రొమ్ము మీది మచ్చ అడ్డంగా రెండు వైపులకూ పాకుతుంది, ఎందుకంటే చేతులు అటే లాగుతాయి. రెప్ప మీద కీలాయిడ్ దాదాపు కనిపించదు. ఒంటి మొత్తంలో అతి పలచని, వదులైన చర్మం అక్కడిది. రెప్ప మూసినా తెరిచినా లాగుడు ఉండదు.

దవడ సంగతి వేరు. రోజంతా నములుతాం, మాట్లాడతాం, ఆవులిస్తాం, మెడ తిప్పుతాం. పైగా మగవాళ్లకు అక్కడ గడ్డపు వెంట్రుకలుంటాయి. గీసిన వెంట్రుక వంకర తిరిగి చర్మంలోకే పెరిగితే చిన్న పొక్కు, అందులో చీము, మళ్లీ ఒక చిన్న గాయం. మొటిమలు గిల్లుకునేదీ ఎక్కువగా అక్కడే. మానిన మచ్చను ఏదో ఒకటి రోజూ కెలుకుతూనే ఉంటుంది.

> రెండు రకాల ఉబ్బెత్తు మచ్చలు
>
> మొదటి రకాన్ని డాక్టర్లు హైపర్‌ట్రోఫిక్ మచ్చ అంటారు. గాయం తగిలిన నెల, రెండు నెలల్లో లేస్తుంది. ఎంత ఎత్తు పెరిగినా గాయం గీత దాటదు. కొన్ని నెలలు పెరిగి, తర్వాత ఏడాది రెండేళ్లలో కొంత దానంతటదే అణగవచ్చు. ఎవరికైనా రావచ్చు.
>
> రెండోది కీలాయిడ్. గాయం మానిన కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏడాది దాటాక మొదలవుతుంది. మొదటి గాయం హద్దు దాటి మంచి చర్మంలోకి పాకుతుంది. తనంతట తాను అణగదు. దురద, నొప్పి ఎక్కువ. మొటిమ, దోమకాటు గోకిన గీరు, టీకా సూది వేసిన చోటు, చిన్నపాటి ఏ గాయమైనా దీనికి చాలు.
>
> రెండింటికీ మందులు చాలావరకు ఒకటే. కోసే విషయంలో మాత్రం దారులు వేరు. అందుకే మీది ఏ రకమో డాక్టరును అడిగి తెలుసుకోండి.

ఎవరికి వస్తుంది?

బిగువు ఒక్కటే కారణమైతే దవడ మీద దెబ్బ తగిలిన ప్రతివాడికీ కీలాయిడ్ రావాలి. రాదు. మనిషిలో ఆ గుణం ఉండాలి. నల్లటి, చామనచాయ చర్మంవాళ్లలో తెల్లచర్మం వాళ్లకన్నా ఇది బాగా ఎక్కువ. పది నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు పెరగడం, ముట్లు ఆగాక మెత్తబడటం చాలామంది ఆడవాళ్లలో కనిపిస్తుంది. కుటుంబాల్లో నడుస్తుంది కూడా. 2010లో జపాన్ పరిశోధకులు వేలమంది జన్యువులను పోల్చి, కీలాయిడ్‌కు దారితీసే నాలుగు చోట్లను గుర్తించారు. అమ్మకో మేనమామకో ఉందంటే మీకు తప్పకుండా వస్తుందని కాదు, జాగ్రత్త పడాలని.

వయసు విషయంలో, చిన్నప్పుడే చెవులు కుట్టించే మన ఆచారానికి కలిసివచ్చే ఒక ఆధారం ఉంది. 2005లో అమెరికాలో 32 మంది కీలాయిడ్ రోగులను అడిగి చూశారు. పదకొండేళ్ల లోపు చెవులు కుట్టించుకున్నవాళ్లలో 23.5 శాతం మందికి కుట్టిన చోట కీలాయిడ్ వచ్చింది. పదకొండు దాటాక కుట్టించుకున్నవాళ్లలో 80 శాతం మందికి వచ్చింది. చిన్న అధ్యయనమే. కానీ తేడా పెద్దది. ఆ గుణమున్న కుటుంబంలో చంటిపిల్లకు తమ్మెలు కుట్టించడం కన్నా, పదిహేడేళ్ల అమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో స్నేహితురాళ్లతో వెళ్లి పైచెవికి రెండో మూడో రంధ్రం పొడిపించుకోవడంలోనే ముప్పు ఎక్కువ. పైచెవి మృదులాస్థి. రక్తప్రసారం తక్కువ. చీము పడితే త్వరగా మానదు.

ముక్కు కుట్టిన చోట వచ్చే చిన్న ఎర్ర గడ్డను మాత్రం వెంటనే కీలాయిడ్ అనుకోకండి. చాలాసార్లు అది పుడక ఒరుసుకోవడం వల్లో, నికెల్ కలిసిన గిల్టు నగ పడకపోవడం వల్లో వచ్చే వాపు. నగ మార్చి, సరిగా శుభ్రం చేస్తే తగ్గిపోతుంది.

కోసేస్తే పోదా?

ఈ మచ్చ ఉన్న ప్రతివాళ్లూ మొదట అడిగే ప్రశ్న ఇదే. అడగడంలో తప్పేమీ లేదు. ఎత్తుగా ఉన్నదాన్ని తీసేస్తే చదును కావాలి కదా. కానీ కోత అంటే కొత్త గాయం. పూడ్చేవాళ్లను మళ్లీ పిలవడమే. పైగా మచ్చను తీసేశాక అంచులను దగ్గరకు లాగి కుట్టాలి కాబట్టి బిగువు ఇంతకుముందుకన్నా పెరుగుతుంది. ఇంకే చికిత్సా జతచెయ్యకుండా కోసి వదిలేసిన కీలాయిడ్లు నూటికి 45 నుంచి 100 దాకా తిరిగి వస్తాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. వచ్చేది ఒక్కోసారి మొదటిదానికన్నా పెద్దది. అరగంటలో తీసేస్తామని, ఇక రాదని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. దవడ మీద వేరుశనగ గింజంత మచ్చతో వెళ్లి, రెండు కోతల తర్వాత నిమ్మకాయంత మచ్చతో తిరిగివచ్చినవాళ్ల బాధ చాలా పెద్దది. దాన్ని మొదట్లోనే ఆపవచ్చు.

కోత అసలే వద్దని కాదు. చెవి తమ్మె మీద ముద్దలా వేలాడే కీలాయిడ్‌ను తీసి, వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టి, ఒత్తిడి క్లిప్పు నెలల తరబడి పెట్టుకుంటే మంచి ఫలితాలే వస్తాయి. మొండి కీలాయిడ్లకు కోసిన ఒకటి రెండు రోజుల్లోపే రేడియేషన్ మొదలుపెడతారు. కొత్తగా వచ్చే ఫైబ్రోబ్లాస్టులు పెరగకుండా చెయ్యడం దాని ఉద్దేశం. పిల్లలకు దీన్ని సాధారణంగా వాడరు. మెడ దగ్గర థైరాయిడ్ గ్రంథి ఉంటుంది కాబట్టి దవడ కింద ఇవ్వాలంటే అనుభవం ఉన్న నిపుణులు కావాలి.

హైపర్‌ట్రోఫిక్ మచ్చకు దారి వేరు. ఏడాది ఆగి, ఎరుపు తగ్గి, మచ్చ ముదిరాక, బిగువు గీతకు అడ్డంగా ఉన్న మచ్చను వంకర గీతగా మలిచి లాగుడు దిశ మార్చే శస్త్రచికిత్స ఉంది. దాన్ని జెడ్-ప్లాస్టీ అంటారు. తొందరపడి మూడో నెలలోనే చేయించుకుంటే, తనంతట తాను అణగబోయే మచ్చను అనవసరంగా కోసినట్టవుతుంది.

తెల్లటి మందు ఉన్న చిన్న సీసా

ముందుగా ఇచ్చే చికిత్స ట్రయామ్సినోలోన్ ఇంజెక్షన్. ఇది స్టెరాయిడ్. మచ్చ కిందికి కాదు, మచ్చలోకే ఎక్కిస్తారు. సీసాలో మందు పాలలా తెల్లగా ఉంటుంది, అడుగున పేరుకుంటుంది. అందుకే ఊపి తీస్తారు. ఆ సన్నటి రేణువులు మచ్చలోనే ఉండి వారాల తరబడి మెల్లగా కరుగుతాయి. ఫైబ్రోబ్లాస్టుల పెరుగుదలను తగ్గిస్తాయి, కొత్త కొల్లాజెన్‌ను తగ్గిస్తాయి, పాతదాన్ని కరిగించే ఎంజైములకు ఉన్న అడ్డును తొలగిస్తాయి. అంటే పోసేవాళ్లను తగ్గించి, రోలరును నడిపించడం.

ఈ మందు పుట్టుక వెనక తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఒకటుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లె సంస్థ పరిశోధనలను నడిపించారు. 1948లో కన్నుమూశారు. ఆ తర్వాత పదేళ్లలోపే అదే సంస్థ రసాయన శాస్త్రవేత్తలు ట్రయామ్సినోలోన్‌ను తయారుచేశారు. మందు ఆయనది కాదు, ఆయన నడిపిన పరిశోధనశాలది. ఇవాళ ఎల్బీనగర్‌లో చర్మవైద్యుడి బల్ల మీద ఉన్న చవకైన మందు చరిత్ర అక్కడిదాకా వెళ్తుంది.

నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, నెలల పాటు ఇవ్వాలి. మచ్చ గట్టిది కాబట్టి ఎక్కించేటప్పుడు నొప్పి ఉంటుంది. మత్తుమందు కలపమని, లేదా ముందు మంచుతో చల్లబరచమని అడగండి, మొహమాటపడకండి. రెండు మూడు సార్లకే దురద తగ్గుతుంది. చదునవడానికి ఇంకా టైము పడుతుంది. చాలామంది దురద తగ్గగానే మానేస్తారు, అప్పుడే మచ్చ తిరిగి లేస్తుంది. మందు పక్కకు చేరితే చుట్టూ చర్మం పలచబడి గుంట పడవచ్చు, తెల్ల మచ్చ రావచ్చు, సన్నటి రక్తనాళాలు తేలవచ్చు. ముట్లు కొన్నాళ్లు తప్పవచ్చు. షుగరు ఉన్నవాళ్లకు కొద్దిరోజులు పెరగవచ్చు, ముందే చెప్పాలి. మచ్చ లొంగకపోతే ఫైవ్ ఫ్లోరోయురాసిల్ అనే మందును కలిపి ఇస్తారు. క్యాన్సర్‌కూ వాడే మందు అని విని భయపడనక్కర్లేదు. ఇక్కడ వాడే మోతాదు చాలా తక్కువ, అదీ మచ్చలోకే. గర్భవతులకు మాత్రం ఇవ్వకూడదు.

ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం చిన్న కీలాయిడ్లకు పనిచేస్తుంది. కానీ మన రంగు చర్మం మీద తెల్లటి మచ్చ మిగిలిపోయే ప్రమాదం ఉంది, మొహం మీదైతే ఆలోచించాలి. ఎరుపు తగ్గించే లేజర్ రక్తనాళాలను మూసి సాయపడుతుంది, ఖర్చెక్కువ. నా ఉద్దేశంలో మచ్చ మీద పెట్టే డబ్బు ముందు ఇంజెక్షన్లకూ సిలికాన్‌కూ వెళ్లాలి, లేజర్ సంగతి తర్వాత.

పట్టీ, ఒత్తిడి, వేళ్లు

1980ల మొదట్లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కాలిన పిల్లలకు వైద్యం చేసేవాళ్లు సిలికాన్ జెల్ పట్టీ వేస్తే మచ్చలు మెత్తబడుతున్నాయని రాశారు. పట్టీలో మందేమీ లేదు. మానిన కొత్త చర్మం నుంచి నీరు ఎక్కువగా ఆవిరవుతూ ఉంటుంది. ఆ పొడితనం కింది కణాలకు ఇంకా గాయం ఉందన్న కబురు పంపుతుంది. సిలికాన్ ఆ తేమను నిలుపుతుంది. దీని మీద జరిగిన పరీక్షల నాణ్యత గొప్పగా లేదు, అయినా హాని తక్కువ, నొప్పి లేదు, కాబట్టి ప్రపంచమంతా వాడుతున్నారు. గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి. రోజుకు 12 గంటలకు పైగా, కనీసం రెండు మూడు నెలలు ఉంచాలి.

హైదరాబాదు ఎండాకాలంలో మొహం మీద పట్టీ నిలవడం కష్టం. చెమటకు జారిపోతుంది, కింద చెమటకాయలు వస్తాయి. అందుకని పగలు ట్యూబులో దొరికే సిలికాన్ జెల్ పలచగా రాసి ఆరనిచ్చి, రాత్రి పట్టీ వేసుకోవచ్చు. పట్టీని రోజూ సబ్బునీళ్లతో కడగాలి, చర్మాన్ని కూడా. దవడ మీద మచ్చ ఉన్నవాళ్లు హెల్మెట్ పట్టీకి మెత్తటి గుడ్డ చుట్టుకోండి. హెల్మెట్ మాత్రం మానకండి. గడ్డం దాకా కప్పే పూర్తి హెల్మెట్ ఉంటే ఈ కథలో దవడ గాయమే ఉండేది కాదు. బ్లేడుకు బదులు ట్రిమ్మరు వాడితే వెంట్రుక లోపలికి తిరగడం తగ్గుతుంది.

మర్దనా సంగతి. కుట్లు తీసి, చెక్కు రాలి, చర్మం గట్టిపడ్డాక, అంటే రెండు మూడు వారాల తర్వాత, కాస్త వాజలైన్ అద్ది వేలి కొసతో మచ్చను నొక్కి గుండ్రంగా తిప్పాలి. రోజుకు రెండుమూడుసార్లు, కొద్ది నిమిషాలు. నలిపి పుండు చెయ్యకూడదు. ఎండ తగిలితే కొత్త మచ్చ నల్లబడుతుంది, సన్‌స్క్రీన్ ఏడాది పాటు రాయండి.

మొదటి మూడు వారాలు

మచ్చ ఎలా ఉండబోతుందో చాలావరకు గాయం తాజాగా ఉన్నప్పుడే తేలిపోతుంది. పదిరోజుల్లో మూసుకున్న గాయం ఉబ్బడం అరుదు. మూడు వారాలు దాటినా మానని గాయం ఉబ్బే అవకాశం బాగా ఎక్కువ. కాబట్టి చీము పట్టనివ్వకపోవడమే మొదటి వైద్యం. రోడ్డు మీద గీరుకుపోయిన గాయంలో మట్టి, తారు రేణువులు ఉండిపోతే తర్వాత నల్లటి చుక్కలుగా చర్మంలోనే నిలిచిపోతాయి. ఆ రోజే మత్తు ఇచ్చి కడిగించుకోవాలి. తెగిన గాయం మీద కాఫీ పొడి అద్దడం, గడ్డిచామంతి ఆకు పిండడం పల్లెల్లోనే కాదు, మన కాలనీల్లోనూ ఉంది. రక్తం ఆగుతుంది, నిజమే. కానీ మొహం మీద తెరిచిన గాయంలో పొడులూ ఆకులూ పెడితే శుభ్రం చెయ్యడం కష్టం. కుళాయి నీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. మొహం మీది కుట్లు అయిదారు రోజుల్లో తీయించుకోవాలి. పనుల వల్ల పదిహేను రోజులు వదిలేస్తే దారం గుర్తులే నిచ్చెన మెట్లలా మిగిలిపోతాయి.

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డూ మాంసమూ వద్దని చాలా ఇళ్లలో చారన్నంతో సరిపెడతారు. కొల్లాజెన్ మాంసకృత్తే. దాన్ని తయారుచెయ్యడానికి పప్పు, గుడ్డు, పెరుగు, చేప కావాలి. విటమిన్-సి లేకపోతే ఆ పోగులు గట్టిపడవు, జామకాయో నిమ్మకాయో ఇవ్వండి. పెద్దవాళ్ల ప్రేమను గౌరవిస్తూనే, ఈ ఒక్క పథ్యం గాయం మానడాన్ని ఆలస్యం చేస్తుందని చెప్పాల్సిన బాధ్యత ఉంది.

విటమిన్-ఇ క్యాప్సూల్ పొడిచి మచ్చ మీద రాసుకోవడం ఇంకో అలవాటు. 1999లో దీన్ని పరీక్షించి చూస్తే మచ్చకు మేలు జరగలేదు. వాడినవాళ్లలో మూడోవంతు మందికి దద్దుర్లు వచ్చాయి. అంతకన్నా ప్రమాదం మందులషాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీములు. ఇవి మందపాటి మచ్చ లోతుకు చేరవు. చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని పలచబరిచి, ఎర్రబరిచి, మొటిమలు తెస్తాయి. ఈ వాడకాన్ని అరికట్టడానికే 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చింది.

నలుగురిలో

కాలి మీద మచ్చ ఉంటే ఎవరూ అడగరు. మొహం మీద ఉంటే బస్సులో పక్క సీటావిడ కూడా ఏమైందమ్మా అంటుంది. పెళ్లిచూపుల మాట వస్తే ఇంట్లోవాళ్లే ఫొటో ఏ వైపు తియ్యాలో చర్చిస్తారు, అదీ ఆ పిల్ల వింటుండగానే. మచ్చ బాధలో సగం ఇక్కడుంది. డాక్టరు కొలిచే మిల్లీమీటర్లలో ఇది కనిపించదు.

1970లో పద్దెనిమిదేళ్ల జేమ్స్ పార్ట్రిడ్జ్ మొహం కారు మంటల్లో కాలిపోయింది. 1992లో ఆయన బ్రిటన్‌లో చేంజింగ్ ఫేసెస్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఆ సంస్థ నేర్పే పద్ధతి ఒకటి మనకూ పనికొస్తుంది. ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో చెప్పడం, వాళ్లను కుదుటపరచడం, మాట మళ్లించడం. "బండి మీంచి పడ్డాను. వైద్యం జరుగుతోంది, ఇబ్బందేం లేదు. మీరు ఎక్కడ దిగాలి?" ముందే అనుకుని, ఇంట్లో పైకి అని చూసుకున్న వాక్యం నోటికి సులువుగా వస్తుంది. అడిగిన ప్రతివాళ్లకూ మొత్తం కథ చెప్పాల్సిన పని లేదు.

మచ్చ పూర్తిగా మానాక ఎర్రటిదాన్ని ఆకుపచ్చ ఛాయ ఉన్న కరెక్టర్‌తో అణిచి, పైన చర్మం రంగు వేసుకోవచ్చు. మగవాళ్లు వాడినా తప్పేం కాదు. నెలకొకసారి ఒకే వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. రోజూ అద్దంలో చూస్తే కనిపించని మార్పు ఆరు నెలల ఫొటోలు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది. దురదను మాత్రం చిన్న సంగతిగా తీసెయ్యకండి. కీలాయిడ్‌లో దురద పుట్టించే మాస్ట్ కణాలు ఎక్కువ. రాత్రి నిద్ర చెడితే దానికి విడిగా మందు అడగండి. నలుగురిలోకి వెళ్లడం మానేసిన పిల్లలకు మానసిక వైద్యుల సాయం కూడా ఈ చికిత్సలో భాగమే.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ నేరుగా వస్తుంది. ఎంజీబీఎస్‌లో మారితే గాంధీ ఆసుపత్రి స్టేషన్. ఉస్మానియా, గాంధీ రెండు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చర్మ, ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. గాయం తగిలిన జ్ఞాపకమే లేకుండా పెరుగుతున్న గడ్డ, పుండు పడి రక్తం కారే మచ్చ, చెవి తమ్మెలు రెండూ దళసరెక్కి మొహం మీద బుడిపెలు రావడం, వీటిని కీలాయిడ్ అని మీరే తేల్చుకోకండి. మెల్లగా పెరిగే ఒక రకం చర్మ క్యాన్సరు అచ్చం కీలాయిడ్‌లాగే ఉంటుంది. చర్మక్షయ, కుష్ఠు కూడా అలా మోసం చేస్తాయి. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోతుంది.

మచ్చే రాకుండా?

తల్లి కడుపులో దాదాపు ఆరో నెల లోపు పిండానికి గాయమైతే మచ్చ లేకుండా మానుతుంది. పెద్దవాళ్లలో కూడా నోటి లోపలి గాయాలు దాదాపు మచ్చ లేకుండానే మానతాయి. అంటే ఆ విద్య శరీరానికి తెలుసు. పిండంలో టీజీఎఫ్-బీటా 3 అనే రకం ఎక్కువని చూసి మాంచెస్టర్‌లో ఒక సంస్థ దాన్ని మందుగా తెచ్చింది. ఎంతో ఆశపెట్టింది. 2011లో చివరి దశ పరీక్షలో నెగ్గలేదు. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంకో దారి పట్టారు. కంటిజబ్బుకు వాడే వెర్టెపోర్ఫిన్ అనే మందుతో, బిగువును పసిగట్టే కబురు కణం లోపలికి చేరకుండా ఆపారు. ఎలుకల గాయాలు వెంట్రుకలతో సహా మామూలు చర్మంలా మానాయి. లాగుడే మూలమన్న మాటకు ఇది బలమైన సాక్ష్యం. కానీ ఎలుక చర్మం వదులు, మన చర్మంలా బిగువుగా అతుక్కుని ఉండదు. అక్కడ పనిచేసింది మనిషి దవడ మీద పనిచేస్తుందన్న హామీ లేదు.

ఈలోగా ఒకసారి కీలాయిడ్ వచ్చినవాళ్లు ఆ సంగతిని ప్రతి డాక్టరుకూ ముందే చెప్పాలి: కాన్పు ఆపరేషన్‌కు ముందు, పుట్టుమచ్చ తీయించుకునేముందు, పన్ను కోసం దవడ కోసేముందు. పచ్చబొట్టు పొడిచేవాళ్లకు కూడా. కోత ఎటు పెట్టాలో, కుట్లు ఎంత లోతున వెయ్యాలో, ఇంజెక్షన్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ ఒక్క మాటతో మారిపోతుంది.